పికప్పు బండికి మడతమూత

పికప్పు ట్రక్కు తొట్టికి వేయు మూతను గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట తగునా యని పెదవి విరుచువారు కొంద రుందురు. బండి, ఇనుపసామాను పురుషుల వ్యవహారమని వారి తలంపు. కాని ఆ తొట్టిలో ప్రయాణము చేయునవి యెవ్వరి వస్తువులు? బియ్యపు బస్తాలు, పచ్చడి జాడీలు, పండుగనాటి గుండిగలు, పిల్లల సైకిళ్లు, ఇల్లు మారునపుడు పరుపులు. వాన కురిసినచో తడియునవి యివి. దొంగ వచ్చినచో పోవునవియు నివియే. కావున మూత మంచిచెడ్డలు గృహిణి యెరుగవలసిన సంగతులలోనివే యని మా మతము.

అమెరికా దేశమునందలి టెక్ససు రాష్ట్రమున మన తెలుగు కుటుంబము లనేకములు స్థిరపడియున్నవి. డల్లసు నగరమునకు చేరువనున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు పట్టణముల యంగళ్లలో తెలుగుమాట వినబడుట వింత కాదు. మా చెల్లెలి కాపుర మచ్చటనే. 2023వ సంవత్సరమున మా మరిదిగారి యుద్యోగము పోయిన పిదప, ఆమె యొక వంటశాలను అద్దెకు తీసికొని, సీమంతములకును, బారసాలలకును, గృహప్రవేశములకును భోజనములు వండి పంపు పని చేపట్టినది. అందులకై వారు కొన్నది 5½ అడుగుల తొట్టిగల ఫోర్డు ఎఫ్-150 బండి. కొత్తది కాదు, ఒకరు వాడినదే. ఆ సంసారమున కిప్పుడు ఆధారము పొయ్యియు, ఆ బండియును. మేము వారి యింట మూడు మాసము లుంటిమి గనుక మూతల వ్యవహార మంతయు దగ్గరనుండి చూచితిమి. చూచినదానికి, తెలిసికొన్నది చేర్చి వ్రాయుచున్నాము.

పికప్పు బండి యనగా ముందువైపు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుకవైపు పైకప్పు లేని తొట్టియు గల బండి. ఫోర్డు సంస్థవారు 1925లో తమ మోడల్ టీ బండికి కర్మాగారములోనే తొట్టి యమర్చి 281 డాలర్లకు అమ్మిరి. అంతకుముందు రైతులు తమ మోటారు వెనుక తామే కొయ్యపెట్టె బిగించుకొనెడివారు. ఎఫ్ శ్రేణి బండ్లు 1948వ సంవత్సరపు నమూనాలుగా వచ్చినవి. అప్పటికిది పొలము బండి. ఇప్పుడు దానినే కచేరికిని, బడికిని, అంగడికిని నడుపుచున్నారు. గడ్డిమోపులు వేసికొనిపోవు బండికి మూత యెందులకు? ఊరిలో తిరుగు బండికి మాత్రము మూత లేక జరుగదు.

ఆ మూతకు వారి భాషలో టానో కవరని పేరు. టానో యనునది ఫ్రెంచి మాట. పీపా యని యర్థము. తొలినాటి మోటారుకార్లలో వెనుక కూర్చుండు భాగము పీపావలె గుండ్రముగా నుండెడిదట. ఆ భాగమునకు వచ్చిన పేరు దానిపై కప్పు గుడ్డకు సంక్రమించి, తుదకు ట్రక్కు మూతకు చేరినది. పీపా పోయెను, పేరు మిగిలెను. మాటల కిట్టి వలసలు మన నిఘంటువులందును కలవు గాని, ఆ ప్రసంగ మిచట వలదు.

మూతలలో మెత్తనివియు గట్టివియు గలవు. మెత్తనిది వినైలు గుడ్డతో చేసినది; చాపవలె చుట్టవచ్చును, లేదా మూడు మడతలుగా మడువవచ్చును. గట్టివానిలో మూడు తెరగులు. ఒకే పలకగా నుండి పెట్టెమూతవలె పైకి లేచునది యొకటి. దుకాణపు షట్టరువలె జారి, ముందున్న డబ్బాలో చుట్టుకొనిపోవునది యొకటి. మడతబందులతో కూర్చిన మూడు నాలుగు పలకలు ఒకదానిపై నొకటి మడతపడునది మరియొకటి. మా ప్రస్తావన ఈ కడపటి దానిని గూర్చియే. పెట్టెమూత చూపునకు అందమైనదే కాని, దాని క్రిందికి ఎత్తైన వస్తువు పట్టదు. తీసి ప్రక్కన పెట్టవలెనన్న ఇద్దరు ముగ్గురు మనుష్యులు కావలెను. జారుమూత మిక్కిలి సుఖము. అయితే దాని డబ్బా తొట్టి ముందుభాగమున కొంత చోటు మ్రింగివేయును, ధరయు అధికము. మడతమూత ఈ రెంటి నడుమ నుండును. ఫ్రిజ్జు నిలువుగా తేవలసివచ్చిన నాడు మడిచివేయవచ్చును. బియ్యపు బస్తాలు తెచ్చిన నాడు మూసివేయవచ్చును. సంసారపు బండి కిదియే తగినదని మాకు తోచినది.

మెత్తని మూత ధర తక్కువ. మేము చూచినంతలో రెండువందలనుండి ఐదువందల డాలర్లలో దొరకును. గట్టి మడతమూతకు సుమారు ఏడువందలనుండి పదమూడువందల వరకు పెట్టవలెను. జారుమూతలు పదునైదువందలు దాటును. మా చెల్లెలు మొదట మెత్తనిదే కొన్నది. ఆ నాటి పరిస్థితిలో మరియొకటి కొనుట కామెకు శక్యమును కాదు. వాన కాగినది, ఎండ కాగినది, రెండేండ్లు చక్కగా పనిచేసినది. పిమ్మట ఒకనాటి రాత్రి ఒక వేడుకశాల వెలుపల, వారు లోపల విస్తళ్లు తీయుచుండగా, ఎవడో కత్తితో ఆ గుడ్డను ఈ కొననుండి ఆ కొనవరకు చీల్చి, పిండి రుబ్బు యంత్రమును, రెండు పొయ్యిలను, ఇత్తడి గుండిగను ఎత్తుకొనిపోయెను. పొయ్యిలు మరల కొన్నారు. గుండిగ మా అమ్మ కాపురమునకు వచ్చునపుడు తెచ్చుకొన్నది. మూడు విమానములు మారి టెక్ససు చేరినది. దానిని గూర్చి మా చెల్లెలు ఇప్పటికిని మాటలాడదు.

ఇచట ఒక సంగతి అచటి సోదరీమణులు తెలిసికొనదగినది. వాహనపు బీమా సాధారణముగా బండికే గాని బండిలోని సామానునకు వర్తింపదు. సామాను పోయినచో ఇంటి బీమానుండి పుచ్చుకొనవలసియుండును. అదియును వ్యాపారపు వస్తువులకు స్వల్పమైన పరిమితితోనే యిచ్చుట వాడుక. కావున తొట్టిలో జీవనాధారమైన వస్తువులను పెట్టుకొని తిరుగువారు ముందుగా బీమా కాగితమును చదివి, పిమ్మట మూత బేరమునకు పోవుట మంచిది. గట్టిమూతయు దొంగకు అభేద్యమైన దుర్గ మేమియు కాదు. గునపము తెచ్చుకొన్నవానిని ఏ మూతయు నాపదు. అయినను కత్తి పనికిరాదు, చప్పుడగును, ఆలస్యమగును. అన్నిటికంటె లోపల నేమున్నదో కానరాదు. దొంగతనములలో పెక్కులు కంటికి కనబడుటచేతనే జరుగుచుండును గదా.

మూత కొనుటలో మొదటి పని కొలత. మావారు బడిపంతులు, గుమ్మమునకు పరదా కుట్టించవలెనన్నను రెండుమారులు కొలువనిదే ఒప్పుకొనరు. ఆ చాదస్త మిచట ఎంతయు పనికివచ్చును. తొట్టి పొడవును బయటినుండి కొలువరాదు. వెనుక తలుపు మూసి, ముందుగోడ లోపలి యంచునుండి తలుపు లోపలి యంచువరకు, పైభాగమున కొలువవలెను. ఎఫ్-150 బండికి 5½, 6½, 8 అడుగుల తొట్లు గలవు. రామ్ అను బండికి చిన్న తొట్టి 5 అడుగుల 7 అంగుళములు. షెవ్రొలే సిల్వరాడో బండికి 5 అడుగుల 8 అంగుళములు. వాడుకలో మూడింటిని "అయిదున్నర" యనియే అందురు గాని, ఒకదాని మూత మరియొకదానికి పట్టదు. పొడవు చాలదు, బండి పేరు, సంవత్సరము కూడ చెప్పవలెను. ఒకే బండి గోడల యాకారము కొన్ని సంవత్సరముల కొకసారి మారుచుండును. మా చెల్లెలికి దూరపు దుకాణమువారు మొదట పంపినది 6½ అడుగుల తొట్టి మూత. చీటీలో సరిగా వ్రాసియున్నను పెట్టె మారినది. అంత పెద్ద పెట్టెను తిరిగి పంపుట కెంత శ్రమయో, అది వచ్చి పోవుటలో రెండు పండుగల గిరాకీ యెట్లు చెడెనో చెప్పనేల. పెట్టె విప్పకమునుపే పైనున్న సంఖ్యను చీటీతో సరిచూచుకొనుడు.

తొట్టి గోడలలోని విశేషములను కూడ గమనింపవలెను. టయోటా టకోమా బండ్లలో తొట్టి లోపలిగోడ వెంబడి తాళ్లు కట్టుటకు పట్టాలు బిగించియుండును. వానికి వేరు బిగింపులు కావలెను. రామ్ బండ్లలో కొన్నిటికి తొట్టి ప్రక్కగోడలలోనే సామాను పెట్టెలు గలవు. వానికి రాంబాక్సు అని పేరు, మూతయు వేరు. తొట్టికి అడ్డముగా పనిముట్ల పెట్టె బిగించియున్నచో సాధారణపు మడతమూత అమరదు. హోండా రిడ్జిలైను అను బండికి తొట్టి నేలలోనే తాళముగల గుంటపెట్టె యున్నది. అట్టి బండి గలవారికి చిన్న సామానుకొరకు మూతయే యక్కరలేకపోవచ్చును.

పొడవు, వెడల్పులు చూచినవారును లోతును మరచుచుందురు. ఎఫ్-150 తొట్టి లోతు సుమారు 21 అంగుళములు. మూత పలక మందము, దానిని మోయు పట్టాల మందము కొంత తగ్గును. గోడల యంచునకు సమముగా లోపల కూర్చుండు మూతకంటె, అంచుపై కూర్చుండు మూత క్రింద లోతు కొంచె మెక్కువ. మా చెల్లెలి వద్దనున్న పెద్ద డేగిసా మూతతో కూడ 19 అంగుళములు. ఆమె కొనుటకు ముందు డేగిసాను కొలిచినది. డేగిసా పట్టదని తెలిసినచో వేయి డాలర్ల మూత యేమి సుఖము?

ఇక పలకల సంగతి. ఎక్కువ మూతలలో పైనను క్రిందను అల్యూమినియపు రేకు, నడుమ గట్టి నురుగుదిమ్మె యుండును. కొన్నిటిలో రేకునకు బదులు ఫైబరుగ్లాసుతో బలపరచిన ప్లాస్టికు పలక. అల్యూమినియము గట్టిది, తుప్పు పట్టదు. కాని వడగండ్లు పడినచో సొట్టలు పడును. డల్లసు ప్రాంతమున వసంతకాలమందు నిమ్మకాయలంతటి వడగండ్లు పడుట అపూర్వము కాదు. ఫైబరుగ్లాసు సొట్టపడదు, గట్టి దెబ్బ తగిలినచో పగులవచ్చును. నునుపైన మెరుగు రంగుకంటె గరుకైన మెరుగులేని రంగున గీతలు తక్కువగా కనబడును. రంగు విషయమున ఇంతకంటె చెప్పవలసిన దేమియు లేదు. దాదాపు అన్నియు నలుపే.

మోయు బరువు విషయమున అంగడివారి మాటను జాగ్రత్తగా వినవలెను. బ్యాక్‌ఫ్లిప్ మొదలగు పేరుగల మూతలకు 400 పౌనుల బరువు మోయునని వ్రాయుదురు. అనగా సుమారు 181 కిలోగ్రాములు. కాని ఆ బరువు మూత యంతటను సమముగా పరచినపుడే. ఒక మనిషి నడిపలకపై నిలుచుండిన, ఆ బరువంతయు రెండు పాదముల క్రింద పడును. బండి కడుగునపుడు మూతపై మోకాలు మోపు కుర్రవాండ్రను వారింపవలెను.

ఈ 400 పౌనుల మాట మంచుదేశములలో, అనగా మిషిగన్, మినెసోటా మున్నగు రాష్ట్రములలో నుండువారికి ముఖ్యము. 5½ అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల మూత వైశాల్యము సుమారు రెండున్నర చదరపు మీటర్లు. దానిపై అడుగు మందమున అప్పుడే కురిసిన పొడిమంచు నిలిచినచో, ఘనపు మీటరునకు నూరు కిలోగ్రాముల లెక్కన, 77 కిలోగ్రాములు, మూత మోయును. అదే మంచు పగలు కొంత కరిగి, నీరు త్రాగి, ఘనపు మీటరునకు మూడువందల కిలోగ్రాము లైనచో 230 కిలోగ్రాములు. చెప్పిన పరిమితి దాటినది. చూచువారికి రెండును ఒకే తెల్లని దుప్పటివలె నుండును. కావున మంచు నిలువనీయక మెత్తని చీపురుతో త్రోసివేయవలెను. పార వాడిన రబ్బరు తెగును.

మూత నీరు చొరనిదా యని అందరును అడుగు ప్రశ్న. చుక్కయైనను చొరనిదని యెవరైన చెప్పినచో నమ్మవలదు. తొట్టి నీరు పోవుటకై చేసినది గాని నీరు పట్టుటకు చేసినది కాదు. పలకల నడుమ రబ్బరు పట్టీలుండును, చుట్టును అంచురబ్బరుండును, అయినను ముందు మూలలయందును, వెనుక తలుపు సందులయందును నీరు చొచ్చును. లోపల కూర్చుండు మూతలకు ప్రక్కపట్టాలలో సన్నని కాలువయు, దానినుండి క్రిందికి గొట్టములును గలవు. వానిలో ఆకులు, పుప్పొడి చేరి మూసికొనిపోయినచో కాలువ నిండి నీరు తొట్టిలోనికే పొరలును. మూత చెడిపోయినదని దుకాణముమీదికి కలహమునకు పోకమునుపు గొట్టము నూది చూడవలెను. వెనుక తలుపు చుట్టు వేరుగా అంటించు రబ్బరు పట్టీ అమ్ముదురు. ధర స్వల్పము, ఫలము మెండు. బిగించిన మరునాడు తొట్టి నేలపై పాత వార్తాపత్రికలు పరచి, తోట గొట్టముతో వానవలె నీరు చల్లి, మూత తెరచి చూచినచో ఏ మూల కారుచున్నదో కాగితమే చెప్పును. మా చెల్లె లట్లు చేసి ఎడమ ముందు మూల బిగింపును కొంచెము జరిపినది, తడి నిలిచిపోయినది. పిండివంటలను మాత్రము ఇప్పటికిని మూతగల డబ్బాలలోనే పెట్టి పంపును. అది తెలివి.

గడియల విషయమున మాకొక పట్టుదల గలదు. మంచి మూత గడియ తొట్టి లోపల నుండవలెను. వెనుక తలుపు తెరచినగాని చేయి దానికి అందరాదు. అట్లున్నపుడు తలుపు తాళమే మూత తాళమగును. కనుక మూతకు వేయి డాలర్లు పెట్టి, వెనుక తలుపునకు తాళము లేని బండిని వీధిలో వదలుట పెట్టెకు బీగము వేసి తాళపుచెవిని దానిమీదనే పెట్టుట వంటిది. కొన్ని పాత బండ్లలో తలుపులన్నియు ఒక్క మీటతో మూతపడినను వెనుక తలుపు పడదు. దానిని వేరుగా చెవితో త్రిప్పవలెను. గడియ పడినదని చప్పుడును బట్టి నమ్మరాదు. పలక యంచు పట్టి పైకి లాగి చూచుట నియమముగా పెట్టుకొనవలెను. రాజబాటపై గంటకు 70 మైళ్ల వేగమున పోవునపుడు సగము పడిన గడియ ఊడెనా, పలక లేచి వెనుక వచ్చువారి అద్దముపై బడును.

పలకలు మడుచుటలో రెండు పద్ధతులు గలవు. మూడు పలకల మూతలో వెనుక రెండును మడతపడి ముందు పలకపై కూర్చుండును. అప్పుడు తొట్టి మూడింట రెండు వంతులు మాత్రమే తెరచుకొనును. మరికొన్నిటిలో పలకలన్నియు మడతపడి, ముందుగది వెనుక అద్దమునకు ఆనుకొని నిలువుగా నిలుచును. ఊతకమ్ములు వానిని పట్టియుంచును. తొట్టి సంపూర్ణముగా తెరచుకొనును. రెండవది మేలని చూచినంతనే తోచును. కాని నిలిచిన పలకలు వెనుక అద్దమును మూసివేయును. అద్దము పైనున్న మూడవ బ్రేకు దీపమును కూడ కప్పుట కలదు. అమెరికాలో చిన్న ట్రక్కులకు ఆ దీపము 1994వ సంవత్సరపు నమూనాలనుండి విధిగా నున్నది; వెనుక వచ్చువానికి మీ బండి ఆగుచున్నదని అదియే ముందుగా తెలుపును. అట్లు నిలిపి నడుపవలసివచ్చినచో తయారుచేసినవారు ఆ స్థితిలో నడుపుట కొప్పుకొందురో లేదో వారి పుస్తకములో చూడవలెను; ఒప్పుకొన్నను పట్టీలు బిగింపక కదలరాదు.

ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పిన సంగతి యొకటి గలదు. అది గ్యాసు బండ. విందువంటలవారు ప్రోపేను సిలిండర్లను వెంట తీసికొనిపోవుదురు. ప్రోపేను గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు, నేలను పట్టి పల్లమున చేరును. తొట్టి పల్లమే కదా! తెరచియున్న తొట్టిలో గాలి దానిని చెదరగొట్టును. గట్టిమూత వేసిన పిదప ఆ తొట్టి మూసిన పెట్టెతో సమానము. నీరు కొంత చొచ్చినంత మాత్రమున గ్యాసు సులభముగా పోవునని తలపరాదు. మెత్తని మూత తీసి గట్టిమూత బిగించుకొన్న సంతోషములో చాలమంది ఈ భేదమును తలపరు. మూత వచ్చిన మొదటి వారమున మా మరిదిగారు ఎప్పటివలెనే సిలిండరును డేగిసాల నడుమ పెట్టి మూత దించబోగా, మా చెల్లెలు చేయి పట్టి ఆపి, "ఇది బియ్యపు బస్తా కాదండీ" యన్నది. అప్పటినుండి వారి నియమ మిది. సిలిండరును తీసికొనిపోవునపుడు మూత పూర్తిగా విప్పి ఇంటివద్దనే వదలుదురు. సిలిండరు నిలువుగా నుండవలెను, దొర్లకుండ కట్టవలెను, తల మర గట్టిగా మూసి బిరడా బిగింపవలెను. బండి గదిలో మనుష్యుల నడుమ పెట్టుకొని దూరము పోవుట అంతకంటెను అపాయము. కొన్ని మూతలు రెండు బిగింపులు వదులుచేసినంతనే వచ్చును. ఆ సౌకర్య మిట్టివారికి తప్పక కావలెను. పలకల బరువు మొత్తము యాబది పౌనులకు పైబడును గనుక ఇద్దరు పట్టవలెను.

పిల్లల మాట దీనికంటె ముఖ్యము. దాగుడుమూతలాడు పిల్లలకు మూతగల తొట్టి గుహవంటిది. గడియ పడినచో లోపలినుండి తెరచుట చిన్న చేతులకు సాధ్యము కాకపోవచ్చును. టెక్ససు వేసవిలో పగటి వేడిమి నూరు డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 38 సెంటీగ్రేడు దాటుట మామూలు. నల్లని మూత క్రింద వేడిమి ఇంకను ఎక్కువ. నిమిషములలోనే ప్రాణాపాయము. ఇంటిముందు బండి నిలిచియున్నపుడు మూతయు, వెనుక తలుపును ఎల్లప్పుడు తాళము వేసియే యుంచవలెను. కుక్కపిల్లలకును ఇదియే. అచ్చటి చట్టము 18 ఏండ్ల లోపువారిని తెరచిన తొట్టిలో కూర్చుండబెట్టి నడుపుటను కూడ, కొన్ని మినహాయింపులతో, నిషేధించినది.

ఆ వేడిమియే వంటలకును శత్రువు. వండిన పదార్థము 40 నుండి 140 డిగ్రీల ఫారన్‌హీటు నడుమ రెండు గంటలకంటె నుండరాదనియు, వెలుపల 90 డిగ్రీలు దాటినపుడు ఒక గంటకంటె నుండరాదనియు అచటి వ్యవసాయశాఖవారి సూచన. పెరుగన్నము, కొబ్బరిపచ్చడి మూత క్రింద పెట్టి, వీడ్కోలు మాటలలో ఆలస్యము చేసినచో విందు తిన్నవారికి చేటు. మంచుగడ్డలు వేసిన దళసరి పెట్టెలలోనే వానిని పెట్టవలెను. మూత నీడ యిచ్చును గాని చలువ యీయదు.

పెట్రోలు ఆదా యగునని కొందరు దుకాణదారు లూరింతురు. తొట్టి తెరచియున్నను, వెనుక తలుపు మూసియున్నచో గాలి అందులో సుడివలె తిరుగుచుండి, పైగాలి దానిమీదుగా జారిపోవునట. మూత వేసిన కొంత ఆదా యుండవచ్చును. ఆ ఆదాతో మూత ధర రాబట్టుకొనవచ్చునని మాత్రము లెక్క వేసికొనవలదు.

పేర్ల విషయమున ఒక మాట. బ్యాక్, అండర్‌కవర్, ఎక్స్‌టాంగ్ అను మూడు పేర్లు చూచి, ముగ్గురు పోటీదారులని తలంచి బేరమాడువారు గలరు. ఆ మూడును రియల్‌ట్రక్ అను ఒక్క సంస్థ క్రిందివే. వెదర్‌టెక్ వంటివి వేరు. ఏ పేరైనను మేము అడుగదలచిన ప్రశ్న లివి: ఒక పలక చెడిపోయిన, ఆ ఒక్క పలకను అమ్ముదురా, లేక మూత యంతయు కొనుమందురా? మడతబందుల రబ్బరు విడిగా దొరకునా? హామీ ఎన్నేండ్లు, అది రంగునకా, పలకకా, గడియకా? మా చెల్లెలు ఈ ప్రశ్నలు వేయగా ఒక దుకాణపు కుర్రవాడు నవ్వి, మీరు బండి కొనుచున్నారా మూత కొనుచున్నారా యనెనట. ఆమె అచట కొనలేదు. జవాబు చెప్పిన చోట, నాలుగు పలకల అల్యూమినియపు మూతను వాయిదాలమీద కొన్నది. ఆరు వాయిదాలు, రెండు సీమంతములును ఒక గృహప్రవేశమును దానికి సరిపోయినవి.

బిగించుట కష్టము కాదు. గోడలకు రంధ్రములు తొలుచు పని చాలవానిలో లేదు. ప్రక్కపట్టాలను బిగింపుపట్లతో గోడయంచునకు పట్టింతురు. 2015వ సంవత్సరపు నమూనానుండి ఎఫ్-150 తొట్టి అల్యూమినియముది గనుక బలముకొలది బిగింపక, పుస్తకములో చెప్పినంతయే బిగింపవలెను. మొదటి నెలలో రబ్బరు అణగి బిగింపులు కొంత వదులగును. మరల ఒకసారి చూచుకొనవలెను. మూత ముందు అంచు, గోడకు రెండు ప్రక్కల సమానముగా నున్నదో లేదో దారముతో చూచుట మంచిది. ఒక ప్రక్కకు వాలినచో గడియలు పడవు.

కడుగుట మెత్తని గుడ్డతోను, సబ్బునీటితోను. రబ్బరు పట్టీలకు కిరసనాయిలు, గ్రీజు తగులరాదు. అవి రబ్బరును ఉబ్బజేయును. సిలికోను ద్రవము కొంచెము రాచినచో ఎండకు బీటలు వారక మెత్తగా నుండును. తిరుగు బ్రష్షులుగల యంత్రపు కడుగుడు దుకాణములకు పోకుండుట మేలు. నీరు మిక్కిలి వేగముగా చిమ్మినచో ఏ రబ్బరైనను త్రోవ యిచ్చును. ఉప్పు చల్లిన మంచుబాటలపై తిరుగువారు, అల్యూమినియపు పట్టాలకు ఇనుప మరలు తగులుచోట తెల్లని బూడిదవంటిది పట్టినదేమో చలికాలము పోయినంతనే చూచి కడుగవలెను. గడియల తాళపుచెవులపై చిన్న సంఖ్య యొకటి చెక్కియుండును. చెవి పోయినచో ఆ సంఖ్య చెప్పి మరియొకటి తెప్పించుకొనవచ్చును. దానిని ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసికొనుడు. బండిలోని పుస్తకములో వ్రాసినచో, చెవి లోపలనే యుండి తలుపు పడిన నాడు అక్కరకు రాదు.